ముందుమాట

ఆ పెట్టె మొదటిసారి మాట్లాడినప్పుడు సింహాద్రమ్మ నోటినిండా పకోడీ ఉంది. కాబట్టి, "ఒరే త్రినాథా, ఆ ఫేను కాస్త తగ్గించరా, గాలి కొట్టీస్తంది" అన్నది ఆవిడ అయ్యే వీలే లేదు. కానీ హాల్లో నాలుగు మూలల నుంచీ వినిపించింది అచ్చం ఆవిడ గొంతే. త్రినాథరావు టీవీ మీద నుంచి చూపు తిప్పకుండానే, అలవాటుకొద్దీ లేచి వెళ్ళి రెగ్యులేటరు తిప్పి వచ్చి కూర్చున్నాడు. సింహాద్రమ్మ తాపీగా పకోడీ నమిలి, మింగి, కొంగుతో మూతి తుడుచుకుంది. అప్పుడు అంది.

"ఒరే త్రినాథా, ఆ ఫేను కాస్త తగ్గించరా, గాలి కొట్టీస్తంది."

"తగ్గించీసాను కదమ్మా."

"నానడక్కుండానే తగ్గించీసావా? నా తండ్రే!" అని ఆవిడ కొడుకు వైపు మురిపెంగా చూసింది.

"అదేటి? ఇప్పుడే కదా ముందోపాలి అడిగావు?"

"నోట్లో పకోడీ ఎట్టుకుని ఎలగడుగుతాన్రా?"

త్రినాథరావు తల్లిని చూశాడు, ఫ్యానును చూశాడు, టీవీ కింద బల్ల మీద పచ్చటి దీపంతో కూర్చున్న కొత్త రిసీవరును చూశాడు. అతనికేమీ అర్థం కాలేదు. అర్థం కాని విషయాల్ని కాసేపు పట్టించుకోకపోతే వాటంతటవే సర్దుకుంటాయని అతని నమ్మకం. ఇంకో పకోడీ తీసుకున్నాడు.

పక్కనే నేలమీద కూర్చుని బొమ్మకి జడ అల్లుతున్న కౌముది కిసుక్కున నవ్వింది. ఆరేళ్ళ పిల్ల. జరిగింది జరిగినట్టు గమనించింది ఆ ఇంట్లో అది ఒక్కతే. "నా... నాన్నమ్మ కా... కా..." అని చెప్పబోయింది.

"నాన్నమ్మకి కాఫీయా? ఇప్పుడే కదమ్మా తాగింది" అని త్రినాథరావు మాట అందుకుని ముగించేశాడు.

పిల్ల నోరు మూసుకుని మళ్ళీ జడ అల్లుకోసాగింది. అది చెప్పబోయింది, "నాన్నమ్మ కాదు" అని.

ఈ గొడవంతటికీ మూలం వాళ్ళ కొత్త టీవీ. అక్కయ్యపాలెంలో వాళ్ళుండే చిన్న హాలుకి ఆ టీవీ మరీ పెద్దది. గోడ కనబడకుండా మింగేసింది. దానికి పాత స్పీకర్లు తగిలిస్తే, వార్తలు చదివే అమ్మాయి మాట ముందొచ్చి మూతి తర్వాత కదిలేది. "మాటొకటి, మూతొకటి. ఈ గుంట అబద్ధాలాడతంది" అని సింహాద్రమ్మ తేల్చేసింది.

అది అబద్ధం కాదనీ ఆలస్యమనీ కోడలు సోమేశ్వరి చెప్పింది. ఆమె రుషికొండ దారిలో ఉన్న ఒక చిన్న ప్రయోగశాలలో పనిచేస్తుంది. అంత పెద్ద తెరకి బొమ్మ తయారు చేసుకోవడానికి టీవీకి కాస్త సమయం పడుతుంది, ఈలోగా మాట వచ్చేస్తుంది. టీవీకీ స్పీకర్లకీ మధ్య పెట్టే మామూలు రిసీవర్లయితే మాటని కాసేపు పట్టి ఉంచి బొమ్మతో కలిపి వదులుతాయి.

"మరి మీరు చేసేవేటి చేస్తాయి?" అని త్రినాథరావు అడిగాడు.

"మైకు పట్టుకుని పాడేవాడి గొంతుని అలా పట్టి ఉంచితే, వాడి పాట వాడికే ఆలస్యంగా వినబడి తాళం తప్పుతాడండీ. అందుకే మావి టీవీ మాటని పట్టి ఉంచినా, మైకు గొంతుని పట్టి ఉంచవు. వాడు తర్వాతి ముక్క అనేలోపే అదేంటో ఊహించి సిద్ధంగా పెట్టుకుంటాయి."

"ఎంత ముందు ఊహిస్తాయేటి?"

"కనురెప్ప వేసేంత."

"ఓస్, అంతేనా" అన్నాడు త్రినాథరావు. ఆ మాటకి సోమేశ్వరికి ఒళ్ళు మండింది, ఎందుకంటే ఆ రెప్పపాటు కోసం ఆమె పెళ్ళికి ముందు నుంచీ కష్టపడుతోంది. రిసీవరులో అలా ఊహించే చిప్పుకి 'ముందుమాట' అని పేరు పెట్టింది కూడా ఆమే. పుస్తకాల్లో ముందుమాట ఎవరూ చదవరు కదమ్మా అని ప్రయోగశాలలో అందరూ ఆట పట్టించేవారు.

ప్రయోగశాల గదిలో గోడలన్నిటికీ మెత్తలు అంటించి ఉంటాయి. అక్కడ మిక్సీ మోత లేదు, కుక్కరు కూత లేదు, అత్తాకోడళ్ళ మాటామంతీ లేదు. సంసారం మధ్య ముందుమాట ఎలా పనిచేస్తుందో చూడాలని ఒక రిసీవరును ఇంటికి పంపించారు. అది వచ్చిన రోజున సోమేశ్వరి ఏదో పనిలో ఇరుక్కుపోయి, తీగలు ఎలా తగిలించాలో ఫోన్లో చెప్పింది.

"దాని వెనకాల రెండు వరసలుంటాయండీ. ఎడమవైపు వచ్చేవి, కుడివైపు పోయేవి. తారుమారు చెయ్యకండి."

"నాకు చెప్తన్నావా? రోజూ నేను చేసే పనే అది" అన్నాడు త్రినాథరావు.

నిజమే. అతను కాంప్లెక్సు బస్టాండులో మైకు ముందు కూర్చునే మనిషి. పాడేరు బస్సు, పార్వతీపురం బస్సు, ఏది వచ్చిందో ఏది పోతోందో పొద్దస్తమానం చెప్పడమే అతని ఉద్యోగం. ఆఫీసు బోర్డు మీద అంటించే చీటీలు ఇంట్లో కొన్ని ఉన్నాయి. ప్రతి తీగకీ, మాట బయల్దేరే కొసకి 'పోక' అనీ, చేరుకునే కొసకి 'రాక' అనీ పద్ధతిగా చీటీలంటించాడు. తర్వాత సెట్‌టాప్ బాక్సుకీ స్పీకర్లకీ ముందే బిగించి ఉన్న కొసలు పోగా, భార్య చెప్పినట్టే మిగిలిన రాకలన్నీ ఎడమవైపూ పోకలన్నీ కుడివైపూ గుచ్చాడు. హాలు చప్పుళ్ళు వినడానికని ఇచ్చిన బుల్లి మైకును సోఫా వెనక నిలబెట్టాడు. వార్తలు వినబడ్డాయి. అమ్మాయి మాటా మూతీ కలిసి కదిలాయి. ఒక్క తీగ మిగల్లేదు, ఒక్క తీగ తక్కువ కాలేదు. ఇంజనీరు భార్య ముందు ఇంతకంటే ఏం కావాలని అతను ఆ సాయంత్రం పకోడీలు కూడా తెప్పించాడు.

పకోడీ సంగతి సోమేశ్వరి నమ్మలేదు. మర్నాడు పొద్దున్న పెట్టె ఆమె గొంతుతోనే, "ఏవండీ, నా బండి తాళాలు చూశారా?" అంది. ఆమె అప్పటికింకా స్నానాల గదిలోనే ఉంది. బయటికొచ్చి, చీర సర్దుకుని, సంచీ తడుముకుని, "ఏవండీ, నా బండి..." అనబోయి ఆగిపోయింది. త్రినాథరావు తాళాలు చేతిలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె ముఖం మొదట పాలిపోయింది, ఆ తర్వాత పెళ్ళినాడు కూడా కనిపించనంత వెలుగు కనిపించింది.

అతన్ని అప్పటికప్పుడు బండెక్కించుకుని ప్రయోగశాలకి తీసుకెళ్ళింది. అక్కడి పెద్దాయన వీరభద్రం గారు. తెల్లజుట్టు, మెడలో కళ్ళజోడు, ఎదుటివాడు మొదలుపెట్టిన వాక్యం తానే పూర్తి చేసే అలవాటు. సాక్షి వాంగ్మూలం తీసుకున్నట్టు త్రినాథరావుతో అంతా చెప్పించుకున్నారు. ఆ తర్వాత అక్కడి రిసీవరు మైకు ముందు కూర్చోబెట్టి, "ఏదైనా మాట్లాడవయ్యా" అన్నారు.

మైకు కనిపిస్తే త్రినాథరావుకి వచ్చేది ఒక్కటే. "ప్రయాణికులకు విజ్ఞప్తి. రాజాం వెళ్ళవలసిన బస్సు కొంత ఆలస్యంగా నడుస్తున్నందున, దయచేసి వేచి ఉండవలసిందిగా కోరుచున్నాము" అన్నాడు. చివరి 'ము' దగ్గర అతని నోరూ ఎదురుగా ఉన్న స్పీకరూ కలిసి పలికాయి.

"ఇక్కడ ఇంతే. ఒక్క అక్షరం" అన్నారు వీరభద్రం గారు. "మీ ఇంట్లో మటుకు వాక్యాలకి వాక్యాలు ముందే వచ్చేస్తున్నాయి. ఎందుకు?"

"ఎందుకండీ?" అన్నాడు త్రినాథరావు ఆత్రంగా.

"నాకూ తెలీదు. తెలిసేదాకా ఆ ఇంట్లో ఏ తీగా కదపొద్దు. దుమ్ము కూడా దులపొద్దు. అమ్మా సోమేశ్వరీ, వచ్చే ఆదివారం తర్వాతి ఆదివారం నేనే వస్తాను. ఇది నిలబడితే నీ పేరు..."

"ప్రపంచమంతా తెలుస్తుంది" అని ఆమె గొణిగింది. ఆయన మాట ఇంకొకరు పూర్తి చేయడం బహుశా అదే మొదటిసారి.

ఆ రాత్రి భోజనాల దగ్గర జరిగింది త్రినాథరావు ఇప్పటికీ మరిచిపోలేదు.

కౌముదికి నత్తి. మాట లోపల తయారుగానే ఉంటుంది, గుమ్మం దాకా వచ్చి ఆగిపోతుంది. ముఖ్యంగా 'క' దగ్గర. దాని పేరే 'క'తో మొదలవడం దాని ఖర్మ. ఎవరైనా పేరడిగితే "క... క..." అంటుండగానే ఎదుటివాళ్ళు జాలిపడి ఏదో ఒకటి అందించేస్తారు. పిల్ల సరేనని తలూపేస్తుంది. అలా సందు చివర కిరాణా కొట్టాయనకి అది కవిత. గాజులమ్మే ఆవిడకి కల్పన. గౌన్లు కుట్టే దర్జీకి కనకం. ఇంట్లో అయితే మాట అందించే బాధ్యత తండ్రిది. మైకు ముందు ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండకూడదని నేర్చుకున్న మనిషి, కూతురి నోట్లో ఖాళీని ఎలా చూస్తూ ఊరుకుంటాడు? పిల్లని ముద్దు చేస్తున్నాననే అనుకునేవాడు.

ఆ రాత్రి కౌముది కంచం ముందు కూర్చుని, "నా... నాన్నా, ఇంకొ... ఇంకొ..." అంది. త్రినాథరావు "ఇంకో అప్పడమా" అనబోయాడు. అంతకంటే ముందు పెట్టె అంది.

"నాన్నా, ఇంకొంచెం పెరుగు వెయ్యవా?"

కౌముది గొంతే. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా తట్టుకోలేదు. సింహాద్రమ్మ చేతిలో గరిటె కంచంలో పడింది. సోమేశ్వరి ఎడమచేత్తో నోరు మూసుకుని ఏడ్చేసింది. కూతురు నత్తి లేకుండా ఎలా మాట్లాడుతుందో ఆమె అంతకుముందు ఎన్నోసార్లు ఊహించుకుంది కానీ, ఇంత ముద్దుగా ఉంటుందనుకోలేదు.

"నత్తేదీ? నత్తెటెల్లిపోనాది?" అంది సింహాద్రమ్మ.

"తడబాటు దానికి చప్పుడు కింద లెక్క అత్తయ్యా. మిక్సీ మోత తీసేసినట్టే అదీ తీసేస్తుంది" అంది సోమేశ్వరి కళ్ళు తుడుచుకుంటూ.

కౌముది మాత్రం నోరు తెరిచి స్పీకరు వైపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత నవ్వింది. అడక్కుండా వచ్చిన పెరుగు అన్నంలో కలుపుకుని తినేసింది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో త్రినాథరావుకి వరస తెలియదు. ఏది ముందు జరిగిందో ఏది తర్వాత జరిగిందో చెప్పమంటే తికమకపడతాడు, ఎందుకంటే ఆ ఇంట్లో ముందూ వెనకా అనేవి కలిసిపోయాయి. జవాబు వినబడేది, ఆ తర్వాత ప్రశ్న గుర్తొచ్చేది. మొదట్లో అందరూ పెట్టె అన్నమాటని మళ్ళీ అనేవారు, అనకపోతే తప్పేమో అన్నట్టు. తర్వాత్తర్వాత, అదెలాగూ అనేసింది కదా అని ఊరుకోవడం మొదలైంది. సింహాద్రమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని, తనకేం కావాలో పెట్టె చెబుతుందని ఎదురుచూసేది. "ఈపాలి పంచదార తక్కువైందనుంటానా?" అని కోడల్నే అడిగేది. మొగుడూ పెళ్ళాల మధ్య ఓ చిన్న పోట్లాట మొత్తం పెట్టెలోనే జరిగిపోయింది. ఇద్దరూ సోఫాలో కూర్చుని విన్నారు. చివర్లో పెట్టె త్రినాథరావు గొంతుతో "సర్లే, తప్పు నాదే" అంది. నిజంగా తప్పు తనదో కాదో అతనికి తేలలేదు. కానీ మాట వచ్చేసింది, వెనక్కి తీసుకోవడం ఎలా?

ఒకరోజు కాంప్లెక్సులో రాజాం బస్సు వచ్చింది. అతను మైకు మీట నొక్కి కూర్చున్నాడు. కూర్చునే ఉన్నాడు. ఎవరో చెబుతారని చూస్తున్నాడని, బస్సు వెళ్ళిపోయాక గానీ అతనికే తెలియలేదు. సంచులు పట్టుకుని పరిగెత్తుకొచ్చిన జనం అద్దం అవతల నిలబడి నోటికొచ్చినట్టు తిట్టారు. ఏ తిట్టూ ముందుగా వినబడకపోవడం అతనికి వింతగా అనిపించింది, ఆ వెంటనే భయం వేసింది.

అదే వారంలో కౌముది బడి నుంచి టీచరమ్మ ఫోను చేసింది.

"పాప అసలు నోరు తెరవడం లేదండీ. ఇదివరకు కష్టపడైనా రెండు ముక్కలు చెప్పేది. ఇప్పుడు ఏదడిగినా గోడ మీదికి చూస్తోంది."

"గోడ మీద ఏటుందండీ?"

"ప్రార్థన కోసం పెట్టిన స్పీకరు. దాన్నే చూస్తూ నిలబడుతోంది. మాట నేర్పే డాక్టరుకి ఒకసారి చూపిస్తే బాగుంటుందేమో."

ఆ మాట సోమేశ్వరికి చెబితే ఆమె ల్యాప్‌టాప్ లోంచి తల ఎత్తకుండానే, "తర్వాత చూద్దాం. ఆదివారం అయిపోనివ్వండి" అంది. తర్వాత చూద్దాం అన్నది ఆమె ఊతపదం. పప్పు మాడుతోందన్నా, పాపకి జ్వరమన్నా ముందు ఆ మాటే వస్తుంది. ప్రేమ లేక కాదు, తలలో ఎప్పుడూ ఇంకేదో పరిగెడుతూ ఉంటుంది. త్రినాథరావు కూడా సరేనన్నాడు. ఆ పెట్టె కట్టేస్తే కూతురి గొంతు కూడా ఆగిపోతుందేమోనన్న భయం అతనికే ఎక్కువగా ఉంది.

ఆదివారం వీరభద్రం గారు మాడుగుల హల్వా డబ్బాతో వచ్చారు. వచ్చీ రాగానే పెట్టె సింహాద్రమ్మ గొంతుతో, "రండి బాబూ, కూకోండి, మంచినీళ్ళు తెమ్మంటారా?" అంది. సింహాద్రమ్మ రెండు చేతులూ జోడించి నవ్వుతూ నిలబడింది, అంతే. ఆయన ఆనందానికి హద్దు లేదు. హాలంతా తిరిగారు, ఒక్కో స్పీకరు దగ్గరా చెవి పెట్టారు. తర్వాత కౌముది ముందు గొంతుక్కూర్చుని హల్వా ముక్క చాపారు.

"నీ పేరేంటమ్మా?"

"నా పేరు కౌముది అండీ. ఒకటో తరగతి చదువుతున్నాను. హల్వా అంటే నాకు చాలా ఇష్టం" అంది పెట్టె, గలగలా.

"అద్భుతం!" అని వీరభద్రం గారు రెండో చేత్తో తొడ చరుచుకున్నారు.

త్రినాథరావు చప్పట్లు కొట్టబోయి కూతుర్ని చూశాడు. పెదవులు బిగించి ఉంది. హల్వా కోసం చెయ్యి చాపలేదు. చూపు ఆయన మీద లేదు, మూలనున్న స్పీకరు మీద ఉంది. టీచరమ్మ చెప్పిన చూపు ఇదేనన్నమాట. అతను ఎదురుచూశాడు. పకోడీ మింగాక అమ్మ అదే మాట అంది. తాళాల కోసం తడుముకున్నాక సోమ అదే మాట అనబోయింది. మరి పిల్ల ఇప్పుడంటుంది కదా? అనలేదు. నిన్న అందా? మొన్న? కూతురి సొంత నోటి నుంచి ఆఖరుగా ఏ మాట ఎప్పుడు విన్నాడో ఎంత వెతుక్కున్నా గుర్తు రాలేదు.

"సోమా" అన్నాడు. "దీన్ని ముందుమాటన్నావు కదా?"

"అవునండీ."

"ముందుమాట అయిపోనాది. మరి అసలు మాటేదీ?"

"ఏంటి?"

"పాప అన్లేదు కదా. పాప ఆ తర్వాతేటీ అన్లేదు. మరి ఇదెవరి మాట ముందుగా చెప్తన్నట్టు?"

సోమేశ్వరి కూతురి వైపు చూసింది. చాలా రోజుల తర్వాత చూసినట్టు చూసింది. వెళ్ళి టీవీ బల్లని ముందుకి లాగి, దాని వెనక మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో తీగనీ వేళ్ళతో పట్టుకుని అటు నుంచి ఇటు జరుపుకుంటూ వచ్చింది. ఒక తీగ దగ్గర ఆగిపోయింది. దాని ఒక కొస రిసీవరు ఎడమవైపు ఉంది. రెండో కొస వెతుక్కుంటూ పోతే మళ్ళీ అదే రిసీవరు కుడివైపుకి వచ్చింది.

"ఇది టీవీ నుంచి రిసీవరుకి రావాల్సిన తీగండీ."

"రాక ఎడమవైపు, పోక కుడివైపు అని నువ్వే కదా చెప్పావు?"

"రిసీవరుకి రాక, రిసీవరు నుంచి పోక! ఈ కొస మీద పోక అని రాశారే, ఇది టీవీ నుంచి పోక."

"ఎక్కడి నుంచి పోకో నువ్వు చెప్పలేదు."

"మీరడగలేదు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కాంప్లెక్సులో పోయే బస్సే రాజాంలో వచ్చే బస్సు అన్న సంగతి, జీవితమంతా అదే చెప్పుకుని బతికిన మనిషికి ఆ క్షణం దాకా తట్టలేదు. వార్తలు సెట్‌టాప్ బాక్సు నుంచి నేరుగా రిసీవరుకి వస్తున్నాయి కాబట్టి టీవీ తీగ ఊసు ఎవరూ ఎత్తలేదు.

"దీని మాట దీనికే తిరిగొస్తోంది" అంది సోమేశ్వరి నెమ్మదిగా. "ఒక్క అక్షరం ఊహించింది. అదే మళ్ళీ విని, నిజంగా ఎవరో అన్నారనుకుని, దాన్ని బట్టి ఇంకోటి ఊహించింది. అలా వాక్యాలు, సంభాషణలు... మొదట్లో మనల్ని వింది. తర్వాత మనం మాట్లాడ్డం మానేశాం. ఇప్పుడది పాపని వినడం లేదండీ. తనని తనే వింటోంది."

"అదే కదమ్మా కనుక్కున్నది!" వీరభద్రం గారు లేచి నిలబడ్డారు. "నా జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచి వెతుకుతున్నది ఈ ఒక్క తీగే! లాగావంటే మళ్ళీ ఇదే వస్తుందని నమ్మకం లేదు. ఇన్నాళ్ళు అది పోగుచేసుకున్నదంతా పోతుంది. కొలతలు తీసుకుందాం. ఒక్క నెల ఉంచు."

సోమేశ్వరి చెయ్యి తీగ మీదే ఉంది. ఆమె పేరు, పెళ్ళికి ముందు నుంచీ పడ్డ కష్టం, అన్నిటికంటే ముఖ్యంగా పెరుగు అడిగిన ఆ ముద్దుగొంతు, అన్నీ ఆ కొసని పట్టుకునే ఉన్నాయి. త్రినాథరావుకి తీసెయ్యమనాలని ఉంది, వద్దనాలనీ ఉంది.

అప్పుడు పెట్టె మాట్లాడింది. సోమేశ్వరి గొంతు.

"ఉండనీండి. తర్వాత చూద్దాం."

హాల్లో అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె నోరు తెరవలేదు. ఎవరో చెంప మీద కొట్టినట్టు చూసింది స్పీకరు వైపు. ఆ మాట తనదే, అనుమానం లేదు. ఇంకో నిమిషం ఆగితే తనే అనేది.

తీగ లాగేసింది.

పచ్చదీపం ఆరలేదు కానీ హాలు ఒక్కసారిగా ఖాళీ అయినట్టయింది. ఫ్యాను తిరిగే చప్పుడు, వంటింట్లో కుళాయి చుక్క, బయట ఎవరిదో బండి హారను వినబడ్డాయి. వీరభద్రం గారు సోఫాలో కూలబడి ఒక చేత్తో కళ్ళజోడు తీసేశారు. రెండో చేతిలో హల్వా ముక్క ఇంకా అలాగే ఉంది. కౌముది ఆయన చేతిలోని హల్వాని చూసింది, స్పీకరును చూసింది. స్పీకరు పలకలేదు. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఏం చెయ్యాలో తోచక ఆయన మళ్ళీ అడిగారు. "నీ పేరేంటమ్మా?"

కౌముది పెదవులు కదిలాయి. "క..."

సింహాద్రమ్మ నోరు తెరిచింది. త్రినాథరావు చెయ్యి అడ్డం పెట్టాడు. తన నాలుక కూడా పళ్ళ వెనక తన్నుకుంటోంది. కూతురి మాట అందించకుండా ఆగడం అంత కష్టమని అతనెప్పుడూ అనుకోలేదు. దయచేసి వేచి ఉండవలసిందిగా కోరుచున్నామని ఊళ్ళో వాళ్ళందరికీ చెప్పాడు, తను మాత్రం ఒక్కనాడూ వేచి ఉండలేదు. బుగ్గ లోపలి నుంచి కొరుక్కుంటూ నిలబడ్డాడు.

"క... క..."

"కవితా?" అన్నారు వీరభద్రం గారు, అందరిలాగే జాలిపడి.

పిల్ల తల అలవాటుగా కిందికి వంగబోయింది. సగంలో ఆగింది. తర్వాత అడ్డంగా ఊగింది.

"కా... కాదు" అంది.

సోమేశ్వరి చేతిలోని తీగ జారి నేల మీద పడింది. కౌముది మెడనరాలు బిగుసుకున్నాయి, కళ్ళు గట్టిగా మూసుకుంది, మాట గుమ్మంలో ఇరుక్కుని అటూ ఇటూ కొట్టుకుంది.

"కౌ... కౌము... ది."

పెట్టె చెప్పినంత అందంగా లేదు. మధ్యలో విరిగింది, చివర్లో గాలి పోయింది. అయినా ఆ మాట వచ్చిన చోట ఒక నోరుంది, వణుకుతున్న గడ్డం ఉంది. త్రినాథరావు కళ్ళు తుడుచుకున్నాడు. అయిపోయిందనుకుని అందరూ ఊపిరి వదిలారు.

అయిపోలేదు. కౌముది కళ్ళు తెరిచి, హల్వా ముక్క అందుకుని, ఆయన ముఖంలోకి చూసింది.

"మీ... మీ పే... పేరేటి?"

ఆ ఇంట్లో ఆ పిల్ల ఎప్పుడూ ఎవరినీ వాళ్ళ గురించి ఏమీ అడగలేదు. జవాబు చెప్పడానికే దానికి పొద్దు చాలేది కాదు. పెట్టె కూడా ఆ ప్రశ్న ఏ రోజూ ఊహించలేదు. వీరభద్రం గారిని ఆయన పేరు అడిగినవాళ్ళు ఈ మధ్య కాలంలో ఎవరూ లేరు. ఆయన తడబడ్డారు.

"నా పేరా? నా పేరు... వీ... అంటే... వీర..."

ఆయన ఆగిపోయారు. త్రినాథరావు చటుక్కున, "వీరభద్రం గా..." అని అందుకోబోయాడు.

కౌముది తండ్రి వైపు తిరిగి పెదవి మీద వేలు పెట్టుకుంది.

"ఆ... ఆగు నాన్నా" అంది. "ఆ... ఆయన్ని చె... చెప్పనీ."